ఝాన్సీ గోడ మీద పేరులేని ఆడవాళ్లు
(చరిత్ర పక్కన పెట్టిన ఆడవాళ్లు – 7)

ఝాన్సీ రాణి అనగానే మనందరికీ ఒకటే బొమ్మ. ముందుకాళ్లు పైకెత్తిన గుర్రం, చేతిలో కత్తి, వీపుకి గుడ్డతో కట్టుకున్న చంటిపిల్లాడు. ఆ పిల్లాడు దామోదర్ రావు. 1853లో దత్తత తీసుకునేనాటికే ఐదేళ్లవాడు. అంటే 1858 యుద్ధంలో వాడికి ఎనిమిదో తొమ్మిదో ఏళ్లుంటాయి. అయినా మన విగ్రహాల్లో వాడు ఎప్పటికీ పాలు తాగే పిల్లాడే. చిన్న విషయమే, కానీ చరిత్ర బొమ్మగా మారేటప్పుడు ఏమేం సర్దుకుంటారో దీన్నిబట్టి తెలుస్తుంది. వయసునే అంత తేలిగ్గా తగ్గించేవాళ్లు, పక్కన నిలబడ్డ మనుషుల్ని తీసేయడం ఎంతసేపు?

ఈ భాగం ఝల్కారీ బాయి గురించి. గత భాగం కింద చాలామంది అడిగారు, ఆమె నిజంగా ఉందా, బీఎస్పీ వాళ్లు కల్పించిన పాత్రా అని. అడిగిన తీరులో తేడాలున్నాయి. మన పిల్లలు కొందరు ఆరాటంతో అడిగారు, ఇంకొందరు ఎగతాళిగా అడిగారు. ఇద్దరికీ జవాబు ఒకటే కాబట్టి కలిపే రాస్తున్నాను.

ముందు రాణి సంగతి. ఆమెని తక్కువ చేసి మన ఆడబిడ్డని ఎక్కువ చేయాల్సిన అగత్యం నాకు లేదు. ఝాన్సీని ఏలిన నేవాల్కర్లు మరాఠీ కర్హాడే బ్రాహ్మణులు, పీష్వాల తరఫున సుబేదార్లుగా వచ్చి స్థిరపడ్డవాళ్లు. గంగాధర్ రావు 1853 నవంబర్ 21న చనిపోయాడు. ముందురోజే దత్తత జరిగింది. డల్హౌసీ ఆ దత్తత చెల్లదని 1854లో సంస్థానాన్ని కంపెనీలో కలిపేశాడు. రాణి చేతికి ఏడాదికి 60,000 రూపాయల పింఛను పెట్టారు. ఆమె వెంటనే కత్తి దూయలేదు, అర్జీలు రాసింది. జాన్ లాంగ్ అనే ఆస్ట్రేలియా వకీలుని పిలిపించి సలహా అడిగింది. లండన్ దాకా మొరపెట్టుకుంది. అన్నీ కొట్టేశారు. 1857 జూన్‌లో సిపాయిలు తిరగబడి జోఖన్ బాగ్‌లో తెల్లవాళ్లని, వాళ్ల ఆడవాళ్లని, పిల్లల్ని చంపినప్పుడు కూడా ఆమె సాగర్ డివిజన్ కమిషనర్ ఎర్స్కిన్‌కి ఉత్తరం రాసింది. తాము వచ్చేదాకా పాలన నువ్వే చూడమని ఎర్స్కిన్ జవాబిచ్చాడు. అంటే కొన్ని నెలలపాటు ఆమె కంపెనీ పేరు మీదే ఝాన్సీని నడిపింది. ఆ శరదృతువులో ఓర్ఛా సేనలు దివాన్ నత్థే ఖాన్ నాయకత్వంలో ఊరి మీద పడితే, సాయానికి కంపెనీవాళ్లు ఎవరూ రాలేదు. ఊళ్లో ఉన్న జనాన్నే కూడగట్టుకుని తిప్పికొట్టింది. ఫిరంగులు పోయించింది, తుపాకిమందు చేయించింది. కంపెనీ మాత్రం జోఖన్ బాగ్ హత్యల నింద ఆమె నెత్తినే వేసింది. అప్పుడిక యుద్ధం తప్ప దారి లేదు.

ఈ వరస చెప్పడం ఎందుకంటే, పుట్టుకతోనే విప్లవకారిణి అన్నట్టు చెప్పే పాఠ్యపుస్తకపు రాణి కంటే, తలుపులన్నీ తట్టి, అన్నీ మూసుకున్నాక ఎదురుతిరిగిన ఈ మనిషే నాకు ఎక్కువ నచ్చుతుంది. గోడకి ఆనుకున్నాక ఆమె పారిపోలేదు. అది ఆమెకి దక్కాల్సిన గౌరవం.

ఇప్పుడు అసలు ప్రశ్న. "ఊళ్లో ఉన్న జనాన్ని కూడగట్టుకుంది" అన్నాను కదా, ఎవరా జనం? 1854లో కంపెనీ సంస్థానపు సైన్యాన్ని రద్దు చేసింది. మూడేళ్ల తర్వాత కోటలో కొత్తగా సైన్యం నిలబడాలంటే మనుషులు ఎక్కణ్నుంచి వస్తారు? బుందేలా ఠాకూర్లు వచ్చారు, అఫ్ఘన్ పఠాన్లు వచ్చారు. ఫిరంగుల దగ్గర గులాం గౌస్ ఖాన్ ఉన్నాడు. ఊరి చుట్టూ ఉన్న కోరీలు, కాఛీలు, తేలీలు కూడా వచ్చారు. కోరీలు నేతగాళ్లు. మన దగ్గర మాలలు ముతక గుడ్డ నేసి అంటరానివాళ్లుగానే బతికినట్టు, బుందేల్‌ఖండ్‌లో కోరీలు ఖరువా గుడ్డ నేసి ఊరి చివర బతికారు. వాళ్లు నేసింది అందరూ కట్టుకున్నారు, వాళ్లని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. మిల్లుగుడ్డ వచ్చి మగ్గాన్ని కొడుతున్న కాలమది. కంపెనీ మీద కోపానికి వాళ్లకి రాణి దత్తతతో పనిలేని సొంత కారణాలుండి ఉంటాయని నా ఊహ.

కోరీ వాడల్లో చెప్పుకునే కథ ఇది. ఝాన్సీకి దగ్గర్లోని భోజ్లా ఊళ్లో 1830 నవంబర్ 22న ఝల్కారీ పుట్టింది. చిన్నప్పుడే తల్లి పోయింది, తండ్రి మగపిల్లాడిలా పెంచాడు. అడవికి కట్టెలకి పోయినప్పుడు మీదపడ్డ పులిని గొడ్డలితో నరికిందంటారు. ఝాన్సీ సైన్యంలో తోపుల దగ్గర పనిచేసే పూరన్ కోరీతో పెళ్లయింది. గౌరీపూజకి తోటి ఆడవాళ్లతో కోటకి పోతే, ఆమె ముఖం తన ముఖంలాగే ఉందని రాణి ఆశ్చర్యపోయింది. ఆడవాళ్ల దళంలో చేర్చుకుంది. తుపాకి, ఫిరంగి నేర్పించింది. 1858 ఏప్రిల్‌లో గోడ పగిలి తెల్లసైన్యం ఊళ్లోకి వచ్చాక, రాణి తప్పించుకోవడానికి వ్యవధి కావాలి. అప్పుడు ఝల్కారీ రాణి బట్టలు కట్టుకుని, గుర్రమెక్కి, నేరుగా జనరల్ హ్యూ రోజ్ శిబిరానికే పోయింది. దొరికింది రాణేనని వాళ్లు సంబరపడేలోపు అసలు రాణి కాల్పీ దారి పట్టింది. ఆ తర్వాత కథ రెండుగా చీలుతుంది. ఒక కథలో ఝల్కారీ అక్కడే పోరాడి చనిపోయింది. రెండో కథలో ఆమెని వదిలేశారు, పూరన్ పోయిన విధవగా చాలాకాలం బతికింది.

దీంట్లో ఎంత నిజం?

ముట్టడి చేసిన పక్షం కాగితాలతో మొదలుపెడదాం. హ్యూ రోజ్ మార్చి 21న ఝాన్సీ ముందుకి వచ్చాడు. కొద్దిరోజుల్లో ఫిరంగులు మొదలయ్యాయి. ఏప్రిల్ 1న తాత్యా తోపే తెచ్చిన సాయపు సైన్యాన్ని బేత్వా ఒడ్డున ఓడించాడు. 3న నిచ్చెనలు వేసి గోడలెక్కారు. వీధివీధికీ, ఇంటింటికీ యుద్ధం జరిగింది. వేలమంది చచ్చారు. ఈ ముట్టడి గురించి రోజ్ పైవాళ్లకి రాసిన నివేదికలో ఒక మాట ఉంది. కోట తోపుల దగ్గర ఆడవాళ్లు పనిచేస్తూ, మందుగుండు మోస్తూ కనిపించారని. శత్రువు దుర్బిణీలోంచి చూసి రాసుకున్న మాట అది. మనల్ని పొగడాల్సిన అవసరం వాడికి లేదు. ఎవరా ఆడవాళ్లు? రోజ్‌కి తెలియదు, తెలుసుకోవాల్సిన పనీ లేదు. అయితే ఒక్క క్షణం ఆలోచించండి. మార్చి నెలాఖరు బుందేల్‌ఖండ్ ఎండలో, గుండ్లు మీద పడుతుంటే, గోడ మీద బరువులు మోసిన ఆడవాళ్లు ఏ ఇళ్ల నుంచి వచ్చి ఉంటారు? పరదా చాటున ఉండే ఇళ్ల నుంచా, రోజూ నెత్తిన మోపులు మోసే ఇళ్ల నుంచా? దీనికి పీహెచ్‌డీ అక్కర్లేదు.

కాబట్టి కోట గోడ మీద ఆడవాళ్లున్నారు, అందుకు శత్రువే సాక్షి. వాళ్లలో ఒకరికి ఒక కులం తన జ్ఞాపకంలో పేరు నిలబెట్టుకుంది. ఝల్కారీ అంటే నాకు మొదటగా ఇది. మిగతాదంతా దీని తర్వాతే.

ఆ పేరు అచ్చులో దేశానికి తెలిసింది ఒక నవల వల్ల. బృందావన్‌లాల్ వర్మ 1946లో వేసిన 'ఝాన్సీ కీ రాణీ'. వర్మ ఝాన్సీ జిల్లావాడే, వకీలు. ఆయన ముత్తాత రాణి పక్షాన పోరాడి చనిపోయినవాడు. ఇంట్లో ముసలివాళ్ల దగ్గర, ఊళ్లో ముసలివాళ్ల దగ్గర విన్న కథలు పోగుచేసి ఆయన నవల రాశాడు. ఝల్కారీ దుల్హన్ అనే కోరీ కోడలు అందులో నిండుగా ఉంది. వాట్సాప్ పోస్టర్ల మీద హ్యూ రోజ్ అన్నట్టు తిరిగే మాట ఒకటుంది కదా, హిందూస్థాన్ ఆడవాళ్లలో నూటికి ఒకరు ఈమెలా ఉన్నా మనం దేశం వదిలిపోవాల్సిందే అని. అది ఆ నవలలో పాత్ర చెప్పే మాట. రోజ్ నివేదికలోది అనుకుని షేర్ చేయకండి. ఎవరో వచ్చి ఆధారం అడిగితే, ఆ ఒక్క మాట కూలినందుకు మొత్తం ఝల్కారీనే కూలిపోయిందని గెంతుతారు. మన దగ్గర ఉన్న గట్టి రాయి వదిలేసి కాగితపు రాయి విసరడం ఎందుకు?

ఇక్కడ నా సబ్జెక్టు సాహిత్యం కాబట్టి ఒక సంగతి గట్టిగా చెప్పాలి. "నవలలో ఉంది, జానపదంలో ఉంది, చరిత్రలో లేదు" అనేది ఝల్కారీ మీద వాడే పెద్ద ఆయుధం. బాగుంది. మరి లక్ష్మీబాయి గురించి మనకున్న రూపం ఎక్కడిది? హిందీ చదివిన ప్రతి పిల్లకీ నోటికొచ్చిన సుభద్రా కుమారీ చౌహాన్ పద్యం ఉంది కదా, అదంతా బుందేల్‌ఖండ్ పాటగాళ్ల నోట విన్న కథ అని ఆ పద్యమే చెప్పుకుంటుంది. మహాశ్వేతాదేవి తన మొదటి పుస్తకంగా 1956లో రాణి జీవితచరిత్ర తెచ్చినప్పుడు, ఝాన్సీ, గ్వాలియర్ పల్లెలు తిరిగి జనం చెప్పుకునే కథలు, పాటలు పోగుచేసింది. అందరం మెచ్చుకున్నాం, నేనూ మెచ్చుకుంటాను, జనం నోట్లోంచి చరిత్ర తీసిందని. అదే జనం, అదే నోరు, అదే పాట. రాణి గురించి పాడితే ఆధారం, కోరీ కోడలి గురించి పాడితే పుక్కిటి పురాణం. పద్ధతి ఒకటే అయినప్పుడు ఫలితం ఎందుకు మారుతుంది? ఆధారాల శాస్త్రంలో ఎక్కడుందీ సూత్రం? మనుశాస్త్రంలో ఉంటే ఉండొచ్చు.

రాణి గురించి లిఖిత సాక్ష్యం ఎందుకుందో కూడా చూడండి. ఆమెకి మునిషీలున్నారు, వకీలున్నాడు, దఫ్తరుంది. ముట్టడిలో కోటలోనే ఉన్న విష్ణుభట్ గోడ్సే అనే మరాఠీ బ్రాహ్మణుడు తర్వాత తన యాత్రాకథ రాసుకున్నాడు, 1907లో అది అచ్చయింది. మంచి పుస్తకం, ఊచకోత గురించి చెప్పిన పేజీలు చదివితే కడుపులో తిప్పుతుంది. కానీ ఆయన దక్షిణ కోసం ఉత్తరాదికి వచ్చిన పురోహితుడు. కోరీ వాడలో ఆయనకేం పని? అక్షరం ఎవరి చేతుల్లో ఉందో, కాగితం మీదికి వాళ్ల వీధే ఎక్కుతుంది.

ఇంతవరకు ఎగతాళి చేసేవాళ్లతో వాదన. ఇప్పుడు మనవాళ్లతో.

నాకు ఝల్కారీ కథలో గుచ్చుకునేది ఒకటుంది. ఆమె ముఖం రాణి ముఖంలా ఉంది కాబట్టి ఆమె చరిత్రలోకి వచ్చింది. లేకపోతే? పూరన్ పక్కన తోపు పేల్చిన కోరీ ఆడది అన్నమాట సరిపోదా? రాణి చీర కడితేనే వీరవనితా? ఇంకొంచెం దక్షిణానికి రండి. శివగంగ రాణి వేలు నాచియార్, ఝాన్సీ కంటే దాదాపు ఎనభై ఏళ్ల ముందే కంపెనీ మీద తిరగబడ్డ మనిషి. 1772లో కాళయార్‌కోయిల్ దగ్గర కంపెనీ, ఆర్కాటు నవాబు కలిసి ఆమె భర్తని చంపితే, హైదర్ అలీ సాయంతో 1780లో రాజ్యం తిరిగి తెచ్చుకుంది. ఆమె కథలో కుయిలి ఉంది. ఒంటికి నూనె పూసుకుని, నిప్పంటించుకుని కంపెనీ మందుగుండు కొట్టులోకి దూకిందని చెప్పుకుంటారు. కుయిలి మా ఆడబిడ్డ అంటారు అరుంధతీయులు. తమిళనాడులో ఉంటూ ఇళ్లలో ఇప్పటికీ తెలుగు మాట్లాడేవాళ్లు వాళ్లలో ఎంతోమంది, మన మాదిగలకి చుట్టాలు. రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండింట్లోనూ మన ఆడది రాణిని బతికించడానికి తన ఒళ్లు ఇస్తుంది. రాణి గెలుస్తుంది లేదా తప్పించుకుంటుంది, మనది కాలిపోతుంది లేదా పట్టుబడుతుంది. ఆ త్యాగం నిజమైనా సరే, దాన్ని ఇంత ఇష్టంగా చెప్పుకోవడంలో పైకులాలకి ఒక సుఖం ఉంది. 'మావాళ్లు' మా కోసం చస్తారన్న సుఖం. అందుకే గత పాతిక ముప్పై ఏళ్లుగా కాషాయ శిబిరం కూడా ఝల్కారీ జయంతులు చేస్తోంది. కాన్షీరాం కాలంలో బహుజన సమాజ్ చేసిన జయంతులకీ వీటికీ తేడా ఒకటే. అక్కడ ఆమె రాజ్యాధికారం అడిగే కులాలకి ముందు నడిచింది. ఇక్కడ ఆమె ధర్మాన్ని కాపాడిన సేవకురాలు.

2019లో వచ్చిన 'మణికర్ణిక' సినిమా చూశారు కదా, తెలుగులో కూడా వదిలారు, దర్శకుల్లో ఒకరు మన క్రిష్. అంకితా లోఖండే వేసిన ఝల్కారీ అందులో ఎంతసేపు కనిపిస్తుందో గడియారం పెట్టుకుని చూడండి. పోలికల కథ అసలు సినిమాకి ఎంత గొప్ప అవకాశం! ఒకే నటి రెండు పాత్రలూ వేయొచ్చు. రాణి ముఖమూ కోరీ ముఖమూ ఒకటేనని తెర మీద చూపించే ధైర్యం ఎవరికీ రాలేదు.

నా మటుకు నాకు పోలికల భాగం మీద నమ్మకం తక్కువ. తోపు దగ్గరి భాగం మీద ఎక్కువ. ఆ గోడ మీది ఝల్కారీ నాకు చాలు.

ఇంకో చిక్కు మిగిలింది. ఎం.ఏ. పిల్లాడొకడు సూటిగా అడిగాడు: "సార్, జనవరి 1న భీమా కోరేగావ్ అంటాం. అక్కడ మహార్లు కంపెనీ పక్షాన పీష్వాల మీద పోరాడారని గర్వపడతాం. నవంబర్ 22న ఝల్కారీ అంటాం. ఇక్కడ కోరీలు పీష్వాల సుబేదారు ఇంటి కోడలి పక్షాన కంపెనీ మీద పోరాడారు. రెండూ ఎలా కుదురుతాయి?"

మంచి ప్రశ్న, దాటేయకూడదు. ఝాన్సీ గోడ బయట ఎవరున్నారో చూస్తే అది ఇంకా పదునెక్కుతుంది. రోజ్ సైన్యమంతా తెల్లవాళ్లు కాదు. బొంబాయి పదాతి దళాలున్నాయి, మహార్లు చేరగలిగిన సైన్యం అది. మద్రాసు శాపర్లున్నారు, గోతులు తవ్వి నిచ్చెనలు మోసేవాళ్లు, వాళ్లలో పరైయర్లు బాగా ఉండేవాళ్లు. మన పేరు కూడా ఉంది అక్కడ. నిజాం ఖర్చు మీద కంపెనీ నడిపిన హైదరాబాద్ కాంటింజెంట్ ఆ ముట్టడిలో పాల్గొంది. తప్పించుకున్న రాణిని భాండేర్ దాకా తరిమినవాళ్లలో హైదరాబాద్ గుర్రపు దళం ఉంది, దాని అధికారి డౌకర్ ఆ వెంటాడటంలోనే గాయపడ్డాడు. ఆ దళం మేపడానికే 1853లో నిజాం బేరారుని కంపెనీకి అప్పగించాల్సి వచ్చింది. (అదే హైదరాబాద్‌లో 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ రెసిడెన్సీ మీద దాడి చేశారు. ఊరు ఒకటే, దారులు రెండు.) అంటే ఝాన్సీలో గోడకి ఇవతలా అవతలా అంటరానివాళ్లే. లోపల తోపు నింపేవాడు, బయట నిచ్చెన ఎక్కేవాడు. ఇద్దరికీ ఆ ఊరి బావి దగ్గర చోటు లేదు.

అంబేడ్కర్ ఈ విషయం మొహమాటం లేకుండా రాశాడు. కంపెనీకి దేశాన్ని గెలిచిపెట్టిన సైన్యాల్లో అంటరానివాళ్లున్నారని, ఆ సైన్యం వాళ్లకి మొదటిసారి చదువూ, గౌరవమూ, జీతమూ ఇచ్చిందని, పని అయిపోయాక 1890ల్లో బ్రిటిష్‌వాళ్లే మహార్ల ముఖాన తలుపేశారని. పీష్వా రాజ్యంలో మహార్ నడుముకి చీపురు, మెడకి ముంత కట్టించారని చెప్పినవాడూ ఆయనే. ఆ రాజ్యం మీద తుపాకి ఎత్తే అవకాశం దొరికితే ఎత్తడంలో ద్రోహం ఏముంది? దేశం అనేది వాళ్లకి ఎవరు ఇచ్చారు, వాళ్లు దాన్ని అమ్మడానికి?

అలాగని కోరీలు బానిస బుద్ధితో రాణి వైపు నిలబడ్డారనడం కూడా తప్పు. ముట్టడిలో ఉన్నది వాళ్ల ఊరు. గుండ్లు పడింది వాళ్ల గుడిసెల మీద కూడా. గోడ పగిలాక వీధుల్లో జరిగిన ఊచకోత కులం అడిగి చంపలేదు. తుపాకిమందు మోసిన ఆడది పీష్వాల జెండా కోసం మోసిందని ఎలా అనగలం? మహార్ సిపాయీ, కోరీ తోపుగాడూ ఎవరి లెక్క వాళ్లు వేసుకుని తమ బతుకు ఎక్కడ కాస్త నిలబడుతుందో అక్కడ నిలబడ్డారు. అంటరానివాళ్లందరూ చరిత్రలో ఎప్పుడూ ఒకే పక్కన నిలబడి ఉండాలని మననే ఎందుకు అడుగుతారు? నత్థే ఖాన్‌ని పంపిన ఓర్ఛా, కంపెనీ వైపు నిలిచిన గ్వాలియర్ సింధియా, వీళ్లంతా రాజులే కదా, రాజులందరూ ఒక పక్కనే ఎందుకు లేరని ఎవరైనా అడిగారా? సింధియా వంశం తర్వాత కూడా ఎన్నికల్లో నిలబడుతూనే ఉంది, గెలుస్తూనే ఉంది.

ఝల్కారీ పేరు మీద 2001 జూలై 22న తపాలా బిళ్ల వచ్చింది. గుర్రం మీద, కత్తితో. 2017లో భోపాల్‌లో విగ్రహం పెట్టారు, ఆవిష్కరించిన రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ స్వయానా కోరీ. బిళ్ల మీదా, విగ్రహంలోనూ రాణి పోలికే. తోపు పక్కన ఉన్న ఝల్కారీని, చేతులకి మందు నలుపు అంటిన ఝల్కారీని, పూరన్‌తో కలిసి గుండు ఎత్తుతున్న ఝల్కారీని ఇంకా ఎవరూ గీయలేదేమో. మనలో బొమ్మలు వేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నారు. నవంబర్ 22కి ఇంకా టైముంది. గీసి పంపండి, ఇదే గోడ మీద పెడతాను. గుర్రం మాత్రం వద్దు.

వచ్చే ఆదివారం లక్నో. 1857 నవంబర్ 16, సికందర్ బాగ్. రావిచెట్టు మీంచి తెల్ల సిపాయిల్ని ఒక్కొక్కరినే కాల్చి పడేసిన మనిషి కిందపడ్డాక, ఆడదని తేలిందని ఫోర్బ్స్-మిచెల్ అనే సిపాయి తన జ్ఞాపకాల్లో రాశాడు. ఆయన పేరు రాయలేదు. పాసీలు రాశారు. ఊదాదేవి.

జై భీమ్.